అత్తగారు రాయమన్నది

మా అత్తగారు పోయారని మొన్న పొద్దున పోతనాళ నుంచి ఆడపడుచు ఫోన్ చేసింది. నేను బయల్దేరుతుంటే, రాయచూరులో నేనుంటున్న ఇంటి ఓనరమ్మ అడ్డుపడింది.

"నిన్ను గంత కొట్టినోని ఇంటికి మళ్ల పోవుడేంది తల్లీ?"

"అతని కోసం కాదు పిన్నీ, ఆవిడ కోసం" అన్నాను.

నా నవల చదివినవారికి ఆవిడ తెలుసు. కొడుకు చేతి నుంచి కోడల్ని తప్పించి బస్సెక్కించే అత్తగారు ఆవిడే. పట్టపగలు, నాట్లకెళ్లే ఆడవాళ్లంతా చూస్తుండగా నా పెట్టె తనే మోశారు. వాచిన మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియక నేను తల దించుకుని నడుస్తుంటే, "ఏం, దొంగతనం చేశావా?" అని కసిరారు. ఆ తర్వాత కొడుకు చాన్నాళ్లు ఆవిడతో మాట్లాడలేదట. ఆ సంగతి నాతో ఎన్నడూ అనలేదు.

కాలవకు నీళ్లు వదిలారంటే అందరికంటే ముందు గట్టు మీద ఉండేవారు. కూరలో ఉప్పెక్కువైనా వంక పెట్టేవారు కాదు. "ఇంకో ముద్ద అన్నం కలుపుకుంటే సరి" అనేవారు.

పోతనాళలో అతను వరండాలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి పక్కకు వెళ్లిపోయాడు. నేను లోపలికెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆవిడ చెప్పిన పని చేయలేదన్న సిగ్గుతో మొహంలోకి చూడలేకపోయాను.

అప్పట్లో నవల అచ్చయ్యాక ఆవిడకు ఒక ప్రతి పంపాను. కొన్నాళ్లకు కొత్త బియ్యం మూటతో రాయచూరు వచ్చారు. అన్నం తింటూ, "చదివానమ్మా. నన్ను మరీ మంచిదాన్ని చేసేశావు" అన్నారు.

"మంచివారేగా అత్తయ్యా?"

"వాడు నిన్ను కొడుతుంటే తలుపవతల నిలబడి వినేదాన్ని. గొళ్లెం మీద చెయ్యేసి మళ్లీ తీసేసేదాన్ని. మీ మావయ్య చేతిలో నేనూ తిన్నదాన్నే, సంసారాలంటే ఇంతేలే అనుకున్నా. అది రాయలేదేం?"

"నాకు తెలీదండీ."

"ఇప్పుడు తెలిసిందిగా. రాయి."

నిజంగానే నాకు తెలీదు. ఆవిడ నిద్రపోతున్నారనే అనుకునేదాన్ని. ఆవిడకు వినపడితే సిగ్గని నోట్లో చీరకొంగు కుక్కుకునేదాన్ని. ఆవిడ బతికుండగా ఇది రాయలేకపోయాను. పోయాక రాస్తుంటే ఇంకా సిగ్గుగా ఉంది.

ఆ రోజు ఆవిడ "రాయి" అన్నాక మజ్జిగ పోయబోయాను. ఆవిడ కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, "ముందు రాస్తానను" అన్నారు. నేను గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆవిడ చెయ్యి తీయలేదు.