దర్శనాలు రాని పాస్టరమ్మ

మా పాస్టరమ్మ పోయినారు. మొన్న పొద్దున్నే సంఘ పెద్ద ఫోన్ చేసి, నిద్రలోనే ప్రభువు దగ్గరికి పోయినారని చెప్పినాడు. మా ఆమె, నా పెండ్లాం, గోడకు ఆనుకొని ఏడస్తా కూర్చునింది. నాకూ కండ్ల నిండా నీళ్ళే. నోట్లో నుండి వచ్చిన మాట మాత్రం స్తోత్రం. సావింటి కాడ ఈ ముసలోడు నవ్వు మొగంతో తిరగతా ఉండాడేందని కొందరు అనుకొని ఉంటారు. అనుకోనీండి. ఆమె వల్ల మా ఇంటికి వచ్చిన సంతోషం అట్లాంటిది, మీ అందరికీ చెప్పుకోకపోతే నాకు అన్నం దిగదు. నేను ఏడో తరగతి దాకా చదివి, లాడ్జిలో వాచ్‌మెన్ పని చేసినోణ్ణి. రాతలో తప్పులుంటే సర్దుకొని చదువుకోండి.

చంద్రగిరి రోడ్డులో మా చర్చి వెనక ఒక రూముండాది. పాస్టరయ్య పోయినాక కూడా ఆమె ఆడనే ఉండిపోయినారు. ఆమె కాడికి ఎవరు పోయినా ముందు "తింటివా?" అని అడిగేవారు. సంగటి, చెనిక్కాయల చట్నీ ముందర పెట్టి, అది కడుపులో పడినాకే కష్టం చెప్పనిచ్చేవారు. పొయ్యి మీద పాలుంటే కండ్లు తెరుచుకొనే ప్రార్థన చేసేవారు. ఇదేందమ్మా అంటే, పాలు పొంగితే దించేదానికి దేవదూత రాడప్పా అనేవారు. ప్రార్థన కూడా పొట్టిగా ఉంటాది. ఆమె ఆమెన్ అనేసరికి మేమింకా మోకాళ్ళు సర్దుకుంటా ఉంటిమి.

ఇంక అసలు సంగతికి వస్తా. మాకు ఒక్కడే కొడుకు. గవర్నమెంటు బస్సు డ్రైవరుగా సెలెక్ట్ అయినాడు. మొదట చిత్తూరు, పుత్తూరు దిక్కు తోలినాడు. పని చూసి డిపోలో వానికి ఘాట్ రోడ్డు ట్రైనింగ్ ఇచ్చి, కొండ మీద గుడికి జనాన్ని తీసుకుపోయే బస్సు మీద వేసినారు. మావాడు ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టిన పొద్దు నేను వీధంతా మైసూర్‌పాక్ పంచినాను. అది అరిగే లోపలే మొదలైనాయి మాటలు.

సంఘంలో ఒకాయన వచ్చి, విశ్వాసి బిడ్డ జనాన్ని కొండకు చేర్చేదేంది, ఆ పని మానుకోమని ప్రభువు నాతో చెప్పినాడన్నాడు. మా బావమరిది వచ్చి, దేవుడిచ్చిన కూడు కాలితో తన్నొద్దు, ప్రభువు నాతో స్పష్టంగా చెప్పినాడన్నాడు. ఫోన్లో వీడియోలు చెప్పే ఒక బోధకుడు, ఉద్యోగాలు వదిలి సేవకు రమ్మని పిలస్తా ఉంటే, అది మన పిల్లోనికే అంటా మా ఆమె దాన్నే మళ్ళీ మళ్ళీ పెట్టుకొని విన్నాది. వీటన్నిటికీ పైన మా వదిన. ఆమెకు ఉపవాస కూటంలో దర్శనం వచ్చిందంట. మలుపు కాడ బస్సు గోడ దాటి లోయలోకి పోతా కనపడిందంట. ఆ మాట విన్నాక మా ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. అందరూ ప్రార్థన చేసేవాళ్ళే, అందరూ మా మేలు కోరేవాళ్ళే. ఎవరిని కాదనల్ల? ఒకే దేవుడు ఇంతమందితో ఇన్ని రకాలుగా చెప్తాడా అని నా బుర్ర తిరిగిపోయింది.

మావాడు మాత్రం ఒకటే అన్నాడు. "నాయనా, నువ్వు మానుకోమంటే మానుకుంటా. సోమవారం బండెక్కల్ల. ఆ లోపలే బిన్నే చెప్పు." అని మొగం పక్కకు తిప్పుకున్నాడు. వాడు చిన్నప్పుడు పీట తిరగేసి స్టీరింగ్ తిప్పినోడు. ఆ మొగం చూడలేక వాణ్ణి వెంటబెట్టుకొని పాస్టరమ్మ కాడికి పోయినాను.

ఆమె చేట ముందరేసుకొని బియ్యంలో రాళ్ళు ఏరతా ఉండారు. నేను చెప్పిందంతా విన్నారు.

"అయిపోయిందా, ఇంకెవరన్నా మిగిలుండారా?"

"అంతేనమ్మా."

"ఇంతమందితో మాట్లాడిన దేవునికి మీ ఇంటి అడ్రసు తెలీదా అప్పా? పిల్లోడు రోజూ మోకాళ్ళ మీద ఉంటాడే, వానితో ఒక ముక్క చెప్పేదానికి ఆయనకేమి అడ్డం?"

భయంగా ఉండాదమ్మా, లోయ అంటా ఉండారు అన్నాను. ఆమె చేట పక్కన పెట్టినారు.

"భయపెట్టి పని చేయించుకునేది మా అత్త. దేవుడు కాదు."

నాకు నవ్వొచ్చేసింది. మావాడూ నవ్వినాడు, ఎన్నాళ్ళకో. అప్పుడు వానివైపు తిరిగి, బండెక్కేటప్పుడు ఏమని ప్రార్థన చేస్తావు నాయనా అని అడిగినారు. వాడు సిగ్గుపడతా చెప్పినాడు.

"వెనక కూర్చున్నోళ్ళంతా వాళ్ళ ఇండ్లకు చేరల్ల ప్రభువా అంటానమ్మా. అది అన్నాక నా చేతులు నిదానమైతాయి."

పాస్టరమ్మ వాని తల మీద చెయ్యి పెట్టినారు. తర్వాత ఆమె అన్న మాట నేను సచ్చేదాకా మరిచిపోను. "రేపు ఏమైతాదో నాకూ తెలీదు. నాకు దర్శనాలు రావు. నేను చూసిందల్లా ఒకటే, ఆయన మాట విన్నాక మనిషి నిదానమైతాడు, ఎదుటోళ్ళ మేలు గుర్తుకొస్తాది. ఈ పిల్లోడు అది ముందే వినినాడు. నువ్వు అడ్డం రావద్దు. తెలీనిది ఆయన చేతిలో పెట్టు, తెలిసిన పని చెయ్యి."

అంతటితో అయిపోయిందనుకుంటిని. సోమవారం పొద్దున బస్టాండుకు పోయి చూస్తే, మావాని బస్సులో డ్రైవరు వెనక సీట్లో పాస్టరమ్మ గొడుగు పట్టుకొని కూర్చోనుండారు. మమ్మల్ని చూసి, ఎక్కండి, బండి కదలతాది అన్నారు. మన సంఘపోళ్ళు చూస్తే ఏమనుకుంటారమ్మా అని మా ఆమె పాస్టరమ్మ చెవిలో గొణిగింది. వాళ్ళనూ టికెట్ కొనుక్కొని ఎక్కమను అన్నారామె.

బస్సు నిండా జనం. గోవిందా అని ఒక్కసారి అరిచినారు, బండి కదిలింది. మలుపు వచ్చినప్పుడల్లా మా ఆమె నా చెయ్యి గిల్లింది, ఇప్పటికీ మచ్చుండాది. పాస్టరమ్మ మాత్రం పక్కనున్న అరవామె చంటిబిడ్డను ఒళ్ళో వేసుకొని, ఎర్ర బండల్ని చూస్తా, ఇన్నేండ్లు కింద నుండే చూస్తిని, ఎంత బాగా చేసినాడప్పా మన దేవుడు అంటా వచ్చినారు. నేను మావాని చేతులే చూస్తా ఉంటిని. నిజంగానే నిదానంగా ఉండాయి. నా గుండె కూడా వాటితో పాటే నిదానమైపోయింది. అట్లాంటి సంతోషం నా పెండ్లి నాడు కూడా నాకు తెలీదు.

పైన బస్టాండులో ఇడ్లీ తిని, టీ తాగి, మళ్ళీ వాని బస్సులోనే కొండ దిగినాము. వచ్చేటప్పుడు గుండు చేయించుకున్న ఒకామె, దర్శనం బాగా అయిందా అవ్వా అని అడిగింది. పాస్టరమ్మ అమాయకంగా, "నాకు దర్శనాలు రావమ్మా, వచ్చేవాళ్ళు మా సంఘంలో ఉండారు. నేను మా పిల్లోని బస్సు చూసేదానికి వచ్చినా" అన్నారు. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. నేను నవ్వి నవ్వి సీట్లో పడిపోయినాను.

ఆదివారం చర్చిలో గుసగుసలు లేచినాయి. ఒకాయన మొగమ్మీదే అడిగినాడు, కొండకు పోయినారంట గదమ్మా అని. పోయినా, పిల్లోడు బాగా తోల్తాడు అన్నారు, అంతే. మా వదినను మాత్రం ఒక్క మాట అనలేదు. చెయ్యి పట్టుకొని, "నీకు అంత భయం కనపడింది గదా అమ్మణ్ణీ, అందుకే వానికోసం రోజూ ప్రార్థన చేసే పని నీదే" అన్నారు. మా వదిన ఈ పొద్దుకీ ఆ పని మానలేదు. మావాడంటే ఇప్పుడు ఆమెకు కన్నకొడుకు లెక్క.

ఇన్నేండ్లలో మావాని బస్సుకు గీత పడలేదు. పోయిన నెల డిపోలో పిలిచి, కొత్త డ్రైవర్లకు ఘాట్ రోడ్డు నువ్వే నేర్పించల్ల అన్నారు. నేను పరుగెత్తినాను పాస్టరమ్మ కాడికి, ఈ మోకాళ్ళతోనే. ఆమె పండ్లు లేని నోటితో పెద్దగా నవ్వి, గీత పడకపోవడం చూసి కాదప్పా దేవుణ్ణి నమ్మింది, పడినా ఆయన్నే నమ్ముదుము గదా అన్నారు. సంతోషంలో ఉండి నేను అప్పుడు ఊ అనేసినాను. ఇప్పుడు ఆ మాట నిదానంగా లోపలికి దిగతా ఉండాది.

సమాధి చేసే రోజు మళ్ళీ అందరివీ తలా ఒక మాటే. ఏ దారిన పోవల్ల, ఎవరు ముందు ప్రసంగించల్ల అని పెద్దలు తర్కం పెట్టుకున్నారు. మావాడు డ్యూటీ దిగి, ఖాకీ బట్టలతోనే వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా శవపెట్టె ఎక్కించిన వ్యాను డ్రైవర్ని అడిగి తాళం తీసుకున్నాడు. పెట్టెతో పాటు నేను, మా ఆమె, మా వదిన వెనక కూర్చున్నాము. గుంటల రోడ్డు అది. పెట్టె మీద పూలు కూడా కదలనంత మెల్లగా తోలినాడు.

సమాధుల తోట మలుపు కాడ మావాడు రొంత ఆపినాడు. ఆడ నుండి కొండ మీద రోడ్డు కనపడతాది. ఎండలో ఒక బస్సు పైకి పోతా ఉండాది, అగ్గిపెట్టె అంత. మలుపు తిరిగి చెట్లలో కనపడకుండా పోయింది. మేము అట్లే చూస్తా ఉంటిమి. రొంతసేపటికి అదే బస్సు, ఇంకా పైన, మెరుస్తా మళ్ళీ కనపడింది.