బిళ్ళబంట్రోతు కరీముల్లా, ఆయన సైలెన్సు

నరసరావుపేటలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళంటే వకీళ్ళు, డాక్టరు, హైస్కూలు పంతుళ్ళు. మా వీధికి మాత్రం కరీముల్లా. ఆయనకు వచ్చింది ఒకే ఒక్క మాట. అయితే ఆ ఒక్క మాటను ఆయన వాడినంతగా దొరలు తమ భాష మొత్తాన్నీ వాడి ఉండరు.

ఆ మాట సైలెన్సు.

కరీముల్లా మున్సిఫ్ కోర్టులో బిళ్ళబంట్రోతు. భుజం మీంచి నడుముకు ఎర్ర డవాలీ పట్టీ, దాని మీద అరచేయంత ఇత్తడి బిళ్ళ. వాయిదాకు వచ్చినవాళ్ళ పేర్లు వసారాలో నిలబడి కేకేయడం, హాల్లో గోల లేస్తే "సైలెన్స్!" అని అరవడం ఆయన పని. ఆ అరుపుకు కోర్టు చూరులో పావురాలన్నీ లేచి బజారు మీద పడేవి. జనం మాటలు ఆపేవాళ్ళంటే ఆపరూ మరి, పక్కవాడు చెప్పేది చెవికెక్కకపోతే!

అందరి మీదా ఒకేలా అరిచేవాడనుకునేరు. వకీళ్ళ వైపు తిరిగినప్పుడు అందులో కొంచెం బెల్లం ఉండేది. పల్లెటూరి రైతుల వైపు తిరిగితే అంతా కారమే. పండక్కి కోడిని పంపిన ఆసామి ఎంత గోల చేసినా ఆ అరుపు అతని తల మీదుగా పోయి, ఏమీ పంపని వెనక బల్లవాడికి తగిలేది.

ఇంటికొచ్చాక అర్థాలు ఇంకా పెరిగేవి. అన్నానికి ముందు సైలెన్సంటే పిల్లలు కూర్చోవాలని. అన్నం తిన్నాక అంటే తాను నడుం వాలుస్తున్నాడని. పెళ్ళాం అక్తర్ బేగం ఏదన్నా చెబుతుంటే మధ్యలో అన్నాడా, ఇక ఆ సంగతి అక్కడితో సరి. ఎదురింటి దేవమ్మ కూడా నేర్చుకుని కోళ్ళను ఆ మాటతోనే అదిలించేది. కోళ్ళు లెక్కచేసేవి కావు. వాటికి డవాలీ అంటే ఏమిటో తెలియదు కదా.

నాకు తెలియని మాట వీధిలో తిరుగుతుంటే నాకు అన్నం సహించదు. వకీలు గుమాస్తా నాగభూషణరావు అటు పోతుంటే ఆపి అడిగాను.

"నిశ్శబ్దం అని పిన్నీ. శాంతి అని కూడా అనొచ్చు. అడిగినదానికి బదులు చెప్పకపోయినా అదే."

"ఒక్కదానికే అన్ని అర్థాలేందిరా?"

"వాడేవాణ్ణి బట్టి పిన్నీ."

"వాళ్ళ గోడ పక్కనున్నదాన్ని, అది నాకు తెలవదూ!"

మా రెండిళ్ళకూ మధ్య గోడ నడుమెత్తే. అక్తర్ బేగం తల్లి ఖాతూన్ బీ మాచర్లలో ఉండేది. ముసలావిడకు చూపు తగ్గిపోతోందని కబురు మీద కబురు వస్తోంది. పూర్తిగా చీకటి కాకముందే తన మొహం ఒక్కసారి అమ్మకు చూపించాలని అక్తర్ బేగం తపన. మాచర్లకు రోజూ రైలుంది. ఆమె "మా అమ్మ" అనేది, ఆయన "సైలెన్స్" అనేవాడు. ఇలా ఏళ్ళు గడిచాయి. ఆ రెండు మాటల తర్వాత మూడో మాట ఏమిటో ఆయనకు ఏనాడూ తెలియదు.

యుద్ధం రోజుల్లో, కిరసనాయిలు కూడా దొరకని కాలంలో, కోర్టుకు కొత్త మున్సిఫ్ వచ్చాడు. సన్నటి మనిషి, తలనొప్పి మనిషి. వచ్చినరోజే కరీముల్లా అరుపు విని కణతలు పట్టుకున్నాడట.

"ఈ హాల్లో అందరికంటే ఎక్కువ గోల చేస్తున్నది ఎవరయ్యా? నువ్వే!"

మర్నాటికి బల్ల మీద నొక్కే గంట ఒకటి వెలిసింది.

ఆ వింత చూడకపోతే ఎలా? మా మరిది యల్లమందకు పొలం గట్టు తగాదా వాయిదా ఉంటే, నన్నెవరూ సాక్ష్యానికి పిలవకపోయినా వెంట వెళ్ళాను. హాలు సంతలా ఉంది. మున్సిఫ్ వేలితో నొక్కాడు. టింగ్. ముందు బల్ల మీదున్న వెల్దుర్తి రైతు హారతి వేళయిందనుకున్నాడో ఏమో, గబుక్కున లేచి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టాడు. అతన్ని చూసి పక్కవాడు. వాణ్ణి చూసి వెనక బల్లంతా. నా చేతులు కూడా వాటంతటవే లేచాయి. హాలు కోటప్పకొండ గర్భగుడిలా అయిపోయింది. మున్సిఫ్ మొహం చూడాలి! తన పాలన ఇంత తొందరగా ఫలిస్తుందని ఆయనా అనుకుని ఉండడు.

తలుపు దగ్గర కరీముల్లా అప్పటికే నోరు తెరిచి ఉన్నాడు. మెల్లగా మూశాడు.

ఆ సాయంత్రం నేను గోడ మీద బట్టలు ఆరేస్తున్నాను. అవి అప్పటికే ఆరినవే, అయినా సరే. కరీముల్లా డవాలీ విప్పి మేకుకు తగిలించి మంచం మీద కూలబడ్డాడు. అక్తర్ బేగం నీళ్ళచెంబు అందిస్తూ మొదలుపెట్టింది.

"మా అమ్మ..."

"సైలెన్స్!"

మా దూడ పలుపు తెంపుకోబోయింది. అక్తర్ బేగం మాత్రం చెంబు కింద పెట్టి కొంగు దోపుకుంది.

"ఇంకోసారి అరువు. అయినాక చెప్తా."

కరీముల్లా నా వైపు చూశాడు. "అక్కా! చూసినావా ఏమంటుందో?"

"ఇంటున్నా తమ్ముడూ. నువ్వు కూడా ఇను."

ఆమె చెప్పింది. అమ్మకు మనిషి ఆనవాలు తెలియడం లేదని చెప్పింది. గుమ్మంలో ఎవరు నిలబడ్డా "అక్తరేనా?" అని అడుగుతోందట. ఆ ముక్క దగ్గర ఆమె గొంతు ఆగింది, ఆయన ఆపకుండానే.

"అంత మాట ఎప్పుడూ చెప్పలేదేందే?" అన్నాడు కరీముల్లా.

నాకు నవ్వొచ్చి తడిలేని చీర మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"అయినా ఆడదానివి, ఒక్కదానివి ఎట్టా పోతావు? నేనొద్దామంటే కోర్టు ఆగిపోద్ది."

"గంట ఉందిగా," అంది అక్తర్ బేగం.

ఆ దెబ్బకు ఆయన ఆ పూట అన్నం తినలేదు. కానీ వద్దని కూడా అనలేదు. పౌరుషానికి పోయి సెలవు మాత్రం పెట్టలేదు.

రైలు దగ్గరికి నేనూ వెళ్ళాను. కరీముల్లా ట్రంకుపెట్టె మోసుకొచ్చి ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కించాడు. అక్తర్ బేగం కిటికీలోంచి చెబుతూనే ఉంది: మేకకు కుడితి, పిల్లలకు తలంటు, పచ్చడి జాడీ ఎండలో పెట్టడం. ఆయన అన్నిటికీ తలూపాడు. బండి కదిలాక అసలు సంగతి గుర్తొచ్చి పక్కనే పరుగెత్తాడు.

"మళ్ళీ ఎప్పుడొస్తావే?"

ఆమె ఏదో చెప్పింది. అప్పుడే ఇంజను కూత పెట్టింది. చుట్టూ జనం, కూలీల కేకలు, చెనక్కాయల వాడి అరుపులు.

"ఏమందక్కా?"

"నాకూ ఇనపడలేదు తమ్ముడూ."

ఆ తర్వాత ఆయన ఇంట్లో చీమ చిటుక్కుమంటే వినిపించేది. పిల్లలు నా దగ్గరే తిని నా దగ్గరే ఆడుకునేవాళ్ళు. కరీముల్లా పొద్దుగూకితే గోడ దగ్గరికొచ్చి, "ఎప్పుడొస్తానందో నీకు గుర్తు రాలేదా అక్కా?" అని అడిగేవాడు. వినపడనిది ఎలా గుర్తొస్తుందయ్యా? దేవమ్మను కూడా అడిగాడు. దేవమ్మ ఆరోజు స్టేషనుకే రాలేదు.

చివరికి సెలవు చీటీ రాసిపెట్టమని నాగభూషణరావు దగ్గరికి వెళ్ళాడు. డవాలీ మా ఇంట్లో ఇచ్చి మాచర్ల బండెక్కాడు.

ఇద్దరూ కలిసి తిరిగొచ్చారు. ఖాతూన్ బీ కూతురి మొహాన్ని చేతులతో తడిమి గుర్తుపట్టిందట. ఆ కబురు చెప్పబోయిన అక్తర్ బేగం గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

"ఏమే, జలుబు చేసిందా?" అన్నాను.

ట్రంకుపెట్టె దించుతున్న మొగుడి వైపు చూపించి గుసగుసగా అంది: "కాదొదినా. మాచర్ల కాణ్ణించి ఒకటే అడగటం. 'ఇంకా? ఇంకా చెప్పవే!' అని."