ఏడు గిన్నెల పులిహోర

నా చిన్నప్పుడు మా కాలనీలో నన్ను మించిన పెత్తందారు ఇంకొకరు లేరు. పదేళ్ళు నిండలేదు గానీ ఎవరింట్లో పేరంటమైనా కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి పిలిచి రావడం నా వంతే. నాన్న ఉద్యోగం కోసం భీమవరం వైపు నుంచి వచ్చి, శామీర్‌పేట దాటాక అలియాబాద్ దగ్గర కొత్తగా వెలిసిన కాలనీలో అద్దెకు దిగిన రోజులవి. తొంభైలలో అక్కడ ఇళ్ళకంటే ప్లాట్ల హద్దురాళ్ళే ఎక్కువ. ఉన్న పదీ పదకొండు ఇళ్ళలో చాలామంది మా కోస్తా వాళ్ళే. అయినా అమ్మకు ఇంకా ఎవరూ దగ్గర కాలేదు. మేం అందరికంటే ఆఖరున వచ్చాం, పైగా అమ్మ నోట్లోంచి మాట ఊడిపడటమే కష్టం. మధ్యాహ్నాలు కిటికీ దగ్గర ఒక్కతే కూర్చునేది. అది చూస్తే నాకు బెంగగా ఉండేది.

ఆ ఏడు కార్తీకమాసంలో మూలింటి పెద్దమ్మగారు వనభోజనాలు తలపెట్టారు. ఉసిరిచెట్టు కావాలి కదా! మా ఎదురింటి అవ్వకు, ఆమె ఆ ఊరి మనిషే, ప్లాట్లకు పోగా మిగిలిన రెండెకరాల్లో మంచి కాపుమీదున్న ఉసిరిచెట్టు ఉంది. ఇంట్ల పొయ్యి పెట్టుకొని చేన్ల తినుడేంది అని అవ్వ ముందు ముక్కున వేలేసుకుంది గానీ, తర్వాత తనే చెట్టు కింద శుభ్రంగా ఊడ్చి పేడతో అలికించింది. ఆడవాళ్ళందరూ చిలకపచ్చ చీరలే కట్టుకోవాలని కూడా పెద్దమ్మగారు తీర్మానించారు. అలాంటి సరదాలు మాకు కొత్త. లేని వాళ్ళు పక్కింట్లో అరువు తెచ్చుకున్నారు.

ఎవరు ఏం వండి తేవాలో పెద్దమ్మగారు ఒక కాగితం మీద రాశారు. అప్పుడు, ఎన్నడూ నోరు తెరవని మా అమ్మ, మా అమ్మాయి వెళ్ళి చెప్పి వస్తుందండీ అంది. ఆ కాలనీలో అమ్మ తనంతట తాను పూచీ పడిన మొదటి పని అది. శనివారం సాయంత్రం కాగితం నా చేతికొచ్చింది. మొదటి ఇంటికి బూరెలు, రెండో ఇంటికి పెరుగు అని దర్జాగా చెప్పాను. దారిలో పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే ఒక్క ఆట ఆడదామని ఆగాను. ఆట ముగిసేసరికి కాగితం గాలికెగిరి ఎటో పోయింది. ఎంత వెతికినా దొరకలేదు.

తిరిగి వెళ్ళి అడిగితే నా పెత్తనం ఏం కాను? మిగిలిన ఏడిళ్ళలో ఎవరిదో పులిహోర అని మాత్రం గుర్తుంది. మూడో ఇంట్లో పులిహోర అని చెప్పాను. నాలుగో ఇంట్లోనూ అదే అన్నాను, ఇంకో గిన్నె ఉంటే నష్టమేముందిలే అనుకుని. ఐదో ఇంటికి వచ్చేసరికి నోటికి అదే అలవాటైపోయింది. చిత్రమేమిటంటే ప్రతి ఇంటావిడా మురిసిపోయింది. మా పులిహోర సంగతి పెద్దమ్మగారి దాకా వెళ్ళిందన్నమాట అని ఒకావిడ నా బుగ్గ కూడా గిల్లింది. ఆ రాత్రి అమ్మ అందరికీ చెప్పావా అని అడిగితే చెప్పానన్నాను. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

ఆదివారం ఉసిరిచెట్టుకు పూజయ్యింది, దీపాలు పెట్టారు. విస్తళ్ళు వేశారు. పచ్చచీరల వాళ్ళంతా గిన్నెలకు కట్టిన గుడ్డలు విప్పారు. ఒక మూత తీస్తే పులిహోర. ఇంకో మూత తీస్తే పులిహోర. ఆవ పెట్టినది, ఇంగువ ఘాటుగా వేసినది, నిమ్మకాయది, దబ్బకాయది. ఏడు గిన్నెలు! తెల్లన్నం లేదు, పప్పు లేదు, పులుసు లేదు. కూర అంటే అమ్మ వండిన గుత్తివంకాయ ఒక్కటే. పెద్దమ్మగారు నెమ్మదిగా మా అమ్మ వైపు తిరిగారు. ఆవిడతో పాటు అందరూ తిరిగారు. అమ్మ కళ్ళు నిండిపోయాయి. నా మీద కోప్పడినా బాగుండేది, అమ్మ ఇంక ఎప్పటికీ ఆ కిటికీ దగ్గరే ఉండిపోతుందని భయమేసింది.

అంతలో అవ్వ పకపకా నవ్వింది. "అరె, గట్ల పరేషాన్ ఎందుకైతున్రు? పిల్లకు నేనే జెప్పిన. మా ఊరి పులిహోర గొప్ప, మా ఊరి పులిహోర గొప్ప అని రోజు నా చెవులు తింటున్రు గదా, ఇయ్యాల తేల్తది ఎవరిది గొప్పనో!"

పెద్దమ్మగారు అవ్వ మొహమూ నా మొహమూ మార్చి మార్చి చూశారు. ఆవిడే ముందు నవ్వారు. అంతే, వనభోజనం కాస్తా పులిహోర పోటీ అయ్యింది. అవ్వ కొడుకును ఇంటికి పంపి అన్నం, పచ్చిపులుసు, కుండెడు సల్ల, అంటే మజ్జిగ, తెప్పించింది. న్యాయం చెప్పేది అవ్వే. ప్రతి గిన్నెలోంచీ పిడికెడు తిని, ఇంకింత పెట్టున్రి, అప్పుడు జెప్త అంటూ సాయంత్రం దాకా తేల్చనే లేదు. గుంటూరావిడకీ విజయనగరమావిడకీ ఆవపిండి మీద పెద్ద వాదం జరిగి, తీర్పు చెప్పమని ఇద్దరూ మా అమ్మనే అడిగారు. అమ్మ అంత బిగ్గరగా నవ్వడం నేను చూడటం అదే మొదలు.

చేతులు కడుక్కోవడానికి బోరు దగ్గరకు వెళ్తే అవ్వ నా పక్కన నిలబడింది. తిట్టలేదు. "నలుగుర్ల నీ ఇజ్జత్ నేను కాపాడిన బిడ్డా. ఇగ ఇంటింటికి పోయి నిజం జెప్పుడు నీ పని" అని మాత్రం అంది.

మర్నాడు బడి నుంచి రాగానే బయల్దేరాను. మొదటి గుమ్మంలో చెప్పాను, తెలుసే అన్నారు. రెండో గుమ్మంలోనూ అదే మాట. పెద్దమ్మగారైతే నన్ను ఒళ్ళోకి లాక్కున్నారు. "అవ్వ దగ్గర మేం పులిహోర ఊసే ఎప్పుడూ ఎత్తలేదు, ఆవిడ పోటీ పెట్టిందంటే మేం నమ్ముతామటే పిచ్చిమొహమా? నీ మొహం చూశాక, మీ అమ్మ కళ్ళు చూశాక ఇంక మేం ఏమంటాం?" అన్నారు. అంటే అందరికీ తెలుసు! తెలిసే అంతమందీ ఆ పోటీ ఆడారు, నాకోసం, అమ్మకోసం. నేను అక్కడే భోరున ఏడ్చేశాను.

ఆఖరున అమ్మకు చెప్పాను. నిజం చెప్పాలంటే ఆ గుమ్మమే అన్నిటికంటే కష్టమైంది. అమ్మ నా జడ విప్పి దువ్వుతూ వింది. మళ్ళీ జడ అల్లుతూ, ఈ ఊళ్ళో మనకూ మనవాళ్ళున్నారే అంది. ఆ మరుసటి వారం నుంచి మధ్యాహ్నాలు అమ్మ ఇంట్లో దొరకడం మానేసింది.

నలభై దాటిన ఈ వయసులో కూడా మా చుట్టాల్లో కార్తీక భోజనాలైనా, ఉగాది షికారైనా పెత్తనం నాదే. ఏదో ఒకటి తారుమారు కాకుండా ఏ ఏడూ గడవదు. ఎవరు చేశారని అడగడం నాకు చేతకాదు. గుంపులో పాలిపోయిన మొహం ఎవరిదా అని చూస్తాను. కనబడగానే, నేనే చెప్పాను అంటాను. నా అవ్వకు నేను చెల్లించుకునే దణ్ణం అదొక్కటే.