అడవికి కుట్టించబోయిన బట్టలు

బీడీలు చుట్టే తునికాకు చిన్ననాటి నుంచి నా చేతుల్లో నలిగిందే గాని, అది పెరిగే అడవిని నేను ఎన్నడూ చూడలేదు. మా పెద్ద తోడికోడలు చూసి వచ్చింది. గుట్టల మీద సర్కారు కాపాడే పెద్ద అడవి అది, నేషనల్ పార్కు అంటారు. అక్కడ జింకలు మేకల్లా మందలుగా తిరుగుతాయని కోరుట్లలో మా వాడంతా చెప్పుకున్నది. నన్ను మాత్రం తీసుకుపోతానని ఆశపెట్టి వదిలేసి పోయింది. మరుసటి ఏడు నా జీపు నేనే మాట్లాడుకుని పోవాలని అప్పుడే అనుకున్నాను.

అన్నట్టే జగిత్యాలలో జీపు మాట్లాడాము. అడవికి ఎట్లా తయారు కావాలని, ఎంతైనా చూసి వచ్చిన మనిషి కదా, ఆమెనే అడిగాను.

"అందరికి ఆకుపచ్చ బట్టలు కుట్టిపియ్యి చెల్లె. గవి ఏసుకుంటెనే జింకలు బెదరయి" అన్నది.

సిరిసిల్లలో మగ్గాలు నడిపే మా తమ్ముడితో ఒక తాను ఆకుపచ్చ గుడ్డ తెప్పించి దర్జీ ముందు పెట్టాను. అతను దాన్ని ముట్టలేదు. ముందు లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"నా పెండ్లాంపిల్లలు బతకాల్నా వద్దా అక్కా? అడవిల నక్సలైట్ అన్నల డ్రెస్సు గీ రంగే. మొన్న రాయికల్‌ల ఒగ దర్జీ గిదే కుట్టిండని ఠాణకు గుంజుకపోయిండ్రు."

"మేం జింకల సూడ పోతున్నమయ్యా."

"గా ముచ్చట ఠాణల చెప్పుకో. అందరిది ఒక్కటే రంగు, పోయేదేమో అడవికి. ఎవలు నమ్ముతరు?"

గుడ్డను కొంగు కింద దాచుకుని ఇంటికి వచ్చేసరికి తోడికోడలు అరుగు మీద కూర్చుని ఉంది.

"కుట్టిండా చెల్లె?" అని నవ్వింది.

రాయికల్ ఆమె పుట్టిల్లు. ఆ దర్జీ సంగతి ఆమెకు తెలియకుండా ఉంటుందా?

గుడ్డను ముక్కలు చేసి పొయ్యిలో పెట్టాను. గుడ్డ కాలింది, నా కడుపు మంట మాత్రం చల్లారలేదు. జీపులో ఎవరెవరు కూర్చోవాలో నేనే చెప్పాను. నాతో మాటలు లేని పక్కింటామెను కూడా పిలిచాను. తోడికోడలిని పిలవలేదు.

పోయేనాడు పొద్దున్నే ఆమె కొత్త చీర కట్టుకుని జీపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"జాగ లేదక్కా" అన్నాను.

అప్పటికే ఎక్కి కూర్చున్న మా అత్త కిందికి దిగింది.

"నేను రాను, నా జాగల పెద్ద కోడలును కూసోపెట్టు. ఇప్పుడైతే జాగ అయ్యింది గదనే?"

అందరూ నా వైపే చూస్తున్నారు. అత్త లేచిన జాగలో దారిలో తినే సద్దిగంప పెట్టించి, పోనియ్యమని డ్రైవరుకు చెప్పాను. తోడికోడలి ముఖం కనబడినంత దూరం వెనక్కి తిరిగి చూస్తూనే పోయాను.