కైమై కొండకు పోనియ్యని మా సుజాతక్క

నిన్న పొద్దున షాప్ షట్టర్ లేపుతున్న. రవన్న ఫోన్.

"తమ్మీ, మీ అక్క లేదురా" అన్నడు.

ఎటు పోయింది అన్నా, అని అడిగిన. నిజంగ అట్లనే అడిగిన. నాకు ఎక్కలే.

తలల నరం చిట్లిందట. అంబులెన్స్ వచ్చేసరికే అంతా అయిపోయింది.

రాత్రి నుంచి టైప్ చేస్తున్న, డిలీట్ చేస్తున్న. తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

తెల్వనోళ్లకు చెప్తున్న. రవన్న భార్య సుజాతక్క, హామిల్టన్‌ల మన టిఫిన్ బాక్సుల అక్క. రోటోటూనా ఏరియాల ఎంతమంది పోరగాళ్లు ఆమె పప్పుచారు తిని సెటిల్ అయిండ్రో. కూరగాయలు, కరివేపాకు నా షాప్ నుంచి నేనే వేస్తుంటి.

వాళ్ల నాయినకు నిజామాబాద్‌ల లారీ ఉండె. ఆయన లారీ కింద పండుకొని రిపేర్ చేస్తుంటే చిన్నప్పుడు ఈమె పైన బ్రేక్ తొక్కేదట. కాళ్లు అందకపోతే స్టీరింగ్ పట్టుకొని నిలబడి తొక్కేదట.

అందుకే మా అందరి పాత బండ్ల మీద ఆమె కన్ను.

పోయిన దసరా మరునాడు.

ముందురోజు మన పండుగ చేసిన హాల్ కార్ పార్క్‌ల అందరం లైన్‌గ బండ్లు పెట్టి పూజ చేసినం. నిమ్మకాయలు, కుంకుమ, కొబ్బరికాయలు, అన్నీ.

తెల్లారి నేను, నా భార్య లత, పిల్లలిద్దరు టౌరంగ మార్కెట్‌కు బయల్దేరినం. వ్యాన్ నిండా సరుకు. మధ్యల కైమై కొండ. ఎక్కుడు పర్లేదు, దిగుడే భయం.

పోతూ పోతూ అక్కకు కరివేపాకు ఇద్దామని వాళ్లింటి ముందు ఆపిన. సంచి తీసుకున్నది గని చూపు వెనక చక్రం మీదనే.

"ఆ తడేంది తమ్మీ?"

"నిన్నటి కొబ్బరినీళ్లు అక్కా."

"వెనక టైరుకు, అదీ లోపలి దిక్కు కొట్టినవా కాయ? దేవుడు బండి కింద పండుకున్నడా?"

లత పక్కున నవ్వింది. నేనూ నవ్విన. అక్క నవ్వలే.

వంగి వేలు పెట్టి రుద్దింది. కొబ్బరినీళ్లయితే ఈపాటికి ఎండిపోతుండె. ఇది నూనె లెక్క జారుతున్నది.

బానెట్ తెరిపిచ్చింది. బ్రేక్ ఆయిల్, డబ్బా మీది గీత కన్న కిందికి పోయింది.

"ఈ మధ్య పోసినవా?"

"పోసిన అక్కా. పాత బండి కదా, తాగుతది."

"ఇంజన్ ఆయిల్ అనుకున్నవా తాగనీకి? ఎక్కడో కారుతున్నది. కారేది చూడకుండ పైనుంచి పోసుకుంట తిరుగుతవా?"

"ఫిట్‌నెస్ వారెంట్ పాసైంది అక్కా."

"వారెంట్ కాగితం బ్రేక్ పట్టదురా. ఎక్కు. బ్రేక్ తొక్కి పట్టు. కాలు తీయకు."

తొక్కిన. మొదట గట్టిగనే ఉన్నది. పట్టుకొని కూసున్న.

మెల్లగ... మెల్లగ... కాలు కిందికి పోతనే ఉన్నది.

వెనక నుంచి అక్క గొంతు. "చుక్కలు పడుతున్నయ్ తమ్మీ. డ్రమ్ము లోపలి నుంచి."

అయినా నేను వినలే. మార్కెట్ ఉన్నది, సరుకు ఖరాబైతది, నడుమ ఆపి ఇంకింత పోసుకుంట పోత అన్న.

అక్క వెనక డోర్ తీసి, చిన్నదాని బెల్ట్ విప్పి, ఎత్తుకొని లోపలికి పోయి సోఫాల కూసోబెట్టింది. మళ్లొచ్చి పెద్దోన్ని దింపింది. లత తనే దిగింది.

"నువ్వు పోతే పో" అన్నది నాతోని.

తాళం ఆమె చేతిల పెట్టిన.

వ్యాన్ టో ట్రక్ మీద పోయింది. గరాజ్‌ల ఇక్కడి కివి మెకానిక్ డ్రమ్ము తీసి చూపిచ్చిండు. చక్రం దగ్గరి బ్రేక్ సిలిండర్ రబ్బరు మొత్తం పోయింది, బ్రేక్ షూస్ ఆయిల్‌ల నానినయ్. సిలిండర్ మార్చి, షూస్ కొత్తయి వేసి, బ్రేక్ పైపులల్ల గాలి తీసి ఇచ్చిండు. ఇంత లోడ్‌తోని కొండ దిగుతుంటే ఏ మలుపుల బ్రేక్ పోయేదో అన్నడు.

ఆ మాట లతకు చాన రోజులు చెప్పలే.

పాత బండ్లున్నోళ్లు దయచేసి వినుండ్రి. బ్రేక్ ఆయిల్ తగ్గుతుంటే ఊకె పోసి వదిలెయ్యకుండ్రి. బండి కింద అట్టముక్క పరిచి చుక్కలు పడుతున్నయేమో చూడుండ్రి. పెడల్ మెత్తబడితే నడపకుండ్రి, టో చేపియ్యుండ్రి. ఇది నా మాట కాదు, అక్క మాట.

నిన్న సాయంత్రం రవన్న ఇంకో సంగతి చెప్పిండు.

వారం నుంచి తలనొప్పి అంటున్నదట. ఎన్నడూ లేని నొప్పి. గోలీ వేసుకునుడు, బాక్సుల డెలివరీకి పోవుడు. మళ్ల గోలీ. జీపీ డాక్టర్ దగ్గరికి పోదాం పా అంటే, "ఈ వారం ఆర్డర్లు అయిపోనియ్యి" అన్నదట.

మా సుజాతక్కనే.

కోపమొస్తున్నది అక్కా. ఎవ్వల మీద కోపమో తెలుస్తలేదు.

నా ఇంటోళ్లను బండిల నుంచి దింపినవ్. నిన్ను దింపెటోళ్లు మా అందర్ల ఒక్కలు లేకపాయె.

బిడ్డ వెల్లింగ్టన్ నుంచి వచ్చింది. అమ్మ చెప్పులు గుమ్మంల చూసి అక్కడనే కూలబడ్డది. చూడలేకపోయిన.

ఆఖరి చూపు ఎప్పుడన్నది రవన్న చెప్పంగనే ఇక్కడ పెడ్త. ఆ రోజు షాప్ బంద్. ఆర్డర్ ఇచ్చినోళ్లు ఏమనుకోకుండ్రి. వాళ్లింటికి అన్నం లత పంపుతున్నది, వేరేవోళ్లు తేవాల్సిన పనిలేదు. పోయి కూసోండ్రి చాలు.

ఇగ పండుకో అక్కా.
స్టవ్ ఆర్పేసినం. నీ కోసం ఏ డెలివరీ ఆగిలేదు.
నీ పాణం సల్లగుండాలె.