నూట పదిహేడో నంబరు

నా కుడి మణికట్టు ఒక ఇత్తడి బిళ్ళ కోసం విరిగింది. విరగ్గొట్టినవాణ్ణి నేనూ ఊరికే వదల్లేదు. టేబుల్ మీదున్న పేపర్‌వెయిట్ ఎడమచేత్తో ఎత్తి ముక్కు మీద ఒక్కటిచ్చాను. ఇప్పటికీ ఎవరైనా "పాపం, ఆడపిల్లని పట్టుకుని..." అని మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ గొడవలో అసలు దెబ్బలు తిన్నది నేను కాదు.

మా నాన్న ఖరగ్‌పూర్‌లో రైల్వే ఆఫీసు గుమాస్తా. నాకు రైల్వేలో రాలేదు. ఊరి చివర రైలు బ్రేక్ దిమ్మలు పోతపోసే ఒక ప్రైవేటు ఫౌండ్రీలో, హాజరు రాసే టైం ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఎనభైల చివరి మాట. కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళలో సగంమంది తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళే. రైల్వే వర్క్‌షాపులో చోటు దొరకని తమ్ముళ్ళూ కొడుకులూ ఇక్కడ చేరేవారు. గేటు దగ్గర చెక్కబోర్డు, దానికి వరసగా మేకులు, ఒక్కో మేకుకి ఒక ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద నంబరు. పొద్దున బిళ్ళ తీసుకుని లోపలికి, సాయంత్రం తగిలించి బయటికి. బయట పేరేదైనా, లోపల మనిషి అంటే నంబరే.

తండ్రి రిటైరైతే ఆ బిళ్ళ కొడుక్కి ఇవ్వడం అక్కడి ఆచారం. ఆఖరి రోజున మేస్త్రీ దానికి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కొలిమి ముందు కొడుకు చేతిలో పెట్టేవాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. ఆ ముచ్చట కాగితాల మీదికి వచ్చేసరికి మాకు నరకం కనిపించేది. ఒకే నంబరుకి జీతాల సెక్షన్‌లో తండ్రి పేరు. డిస్పెన్సరీలో కొడుకు పేరు, తండ్రి చిరునామా. బూట్లిచ్చే స్టోర్లో ఎప్పుడో కాలం చేసిన తాత. ఎవడి జాబితా వాడిది, ఎవడికి తోచినట్టు వాడు దిద్దుకునేవాడు. ఇదేమిటని అడిగితే మీది మీదికి వచ్చేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం కరిగిన ఇనుము మోసే బాల్చీ ఒరిగిపోయి ఒకతను నడుము నుంచి కిందికి కాలిపోయాడు. ఆ కేక గేటు దాకా వినిపించింది. తర్వాత వచ్చిన వాసన గురించి నేను రాయలేను. డిస్పెన్సరీవాళ్ళు నంబరు చూసి ఇంటికి మనిషిని పంపారు. ఆ వెళ్ళినవాడు అతని తండ్రి ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటికి పోయి, తాళం చూసి తిరిగొచ్చాడు. అతని పెళ్ళాం తాల్‌బగీచాలో మా పక్క వీధిలోనే ఉంటుంది. ఎవరో చెప్పగా పరిగెత్తుకొచ్చేసరికి మొహం మీద దుప్పటి కప్పేశారు. "నా ఇల్లు నీకు తెలీదేటి దీదీ? తెలీదేటి?" అంటూ నా జుట్టు పట్టుకుని గుంజింది. నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు.

కొన్నాళ్ళకి ఫౌండ్రీకి కంప్యూటర్ వచ్చింది. బెంగాలీ మేనేజరు నన్ను పిలిచి, దీన్లోకి ఒక్క జాబితాయే ఎక్కుతుంది, ఏది నిజమో నువ్వే తేల్చు అన్నాడు. తేల్చడమంటే ఇంటింటికీ తిరగడమే. సైకిలు మీద తాల్‌బగీచా, ఇందా, రైల్వే లైనుకి అటూ ఇటూ ఉన్న సందులన్నీ తిరిగాను. ఆ తర్వాత పద్ధతి రాశాను. మనిషికి ఒకటే నంబరు, ఒకరిది ఇంకొకరికి పోదు. పేరు గానీ చిరునామా గానీ మార్చాలంటే ఆ మనిషే వచ్చి వేలిముద్ర వెయ్యాలి, మార్చేది టైం ఆఫీసు ఒక్కటే. మిగతావాళ్ళు చూసుకోవచ్చు, దిద్దకూడదు. పాత జాబితాలన్నీ నాకు అప్పజెప్పాలి, నేను తగలబెడతాను. ఆఖరిది మాత్రం పట్టుబట్టి పెట్టించాను: మనిషి ఒప్పుకోకుండా అతని చిరునామా ఎవరికీ ఇవ్వకూడదు, యజమానికైనా సరే. మేనేజరు నవ్వుతూ సంతకం పెట్టాడు. జనం ఇంట్లోకి పిలిచి, పీట వేసి, మంచినీళ్ళిచ్చి చెప్పిన సంగతులవి. వాటిని బజార్న పెట్టే హక్కు ఎవడికుంది?

గేటు గోడకి తెలుగులో, బెంగాలీలో, హిందీలో కాగితం అంటించాను. రిటైరైనవారి నంబర్లు రద్దు చేయబడినవి, బిళ్ళలు టైం ఆఫీసులో అప్పగించవలెను అని. అంతే, అగ్గి రాజుకుంది.

నూట పదిహేడు ఒక పెద్దాయనది. కొలిమి దగ్గరే ముసలైపోయినవాడు, అప్పటికి కొన్ని నెలల కిందట రిటైరయ్యాడు. నన్ను చిన్నప్పట్నుంచీ ఎరుగును, నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. తాల్‌బగీచాలోనే సొంత ఇంట్లో ఉండేవాడు. బిళ్ళ కొడుకు తీసుకున్నాడు. కొడుకు కాపురం వేరు, ఇందాలో అద్దె గది. నేను వాడికి కొత్త నంబరిచ్చినా మెళ్ళో తండ్రి బిళ్ళే వేసుకుని నా కిటికీ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"రద్దేటి? మా అయ్య నంబరు రద్దేటి?"

"నీకు వేరే నంబరిచ్చాం కదా. ఆ బిళ్ళ ఇటు పెట్టు."

"ముప్పై ఏళ్ళు ఆ కొలిమి కాడ ఒళ్ళు కాల్సుకున్నాడు మా అయ్య. నీ కంప్యూటర్ డబ్బా కోసం ఆయన్ని తుడిసీస్తావా?"

"తుడిచిందెవరయ్యా? నువ్వు వేరు, ఆయన వేరు. ఆ మాత్రం తెలీదా నీకు? పెట్టు ఇటు. లేకపోతే ఇవాళ హాజరు పడదు."

నా నోరు మంచిది కాదని ఊరందరికీ తెలుసు. చెయ్యి మాత్రం మంచిదా? కిటికీలోంచి చాపి, బిళ్ళ పట్టుకుని లాగాను. తాడు తెగింది. వాడు నా చెయ్యి దొరకబుచ్చుకుని కిటికీ ఇనపచట్రానికేసి కొట్టాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. నేను పేపర్‌వెయిట్ ఎత్తి కొట్టింది అప్పుడే. వాడి ముక్కులోంచి రక్తం నా కాగితాల మీద పడింది. ఆ రక్తం చూసి వెనకున్నవాళ్ళు తలుపు బద్దలుకొట్టుకుని లోపలికొచ్చారు. గునపాలతో కంప్యూటర్ని పగలగొట్టారు. పగిలిన దాన్లో ఇసుక పోశారు. అడ్డం వచ్చిన వాచ్‌మన్ తల పగిలింది. జీతాల గుమాస్తా టేబుల్ కింద దూరాడు. పెద్దాయన కొడుకు బిళ్ళ ఏరుకుని మళ్ళీ మెళ్ళో కట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పిండికట్టు కట్టించుకుని ఆఫీసుకి వెళ్ళాను. వద్దని అమ్మ ఏడ్చినా వినలేదు. యజమాని పోలీసుల్ని పిలవలేదు, కిరాయి మనుషుల్ని పిలిచాడు. జీపులో వచ్చారు, పాన్ నములుతూ, ఇనపరాడ్లు దాచుకునే ప్రయత్నం కూడా లేకుండా. వాళ్ళలో పెద్దవాడు నా టేబుల్ మీద కూర్చున్నాడు.

"దీదీ, ఎక్ సౌ సత్రహ్ కా ఘర్ కిధర్ హై?" అన్నాడు. నూట పదిహేడు ఇల్లెక్కడని.

"చెప్పను."

మేనేజరు తెల్లబోయాడు. నీ చెయ్యి విరగ్గొట్టినవాడి గురించే కదా అడుగుతున్నారు అన్నాడు. ఆ చిరునామా నాకు నోటికొచ్చు. ఇందాలో సైకిలు షాపు వెనక రేకుల గది, లోపల చీరతో కట్టిన ఉయ్యాల, ఉయ్యాలలో చంటిది. వాడి మీద నాకు జాలేమీ లేదు. వాడొక్కణ్ణే నడిరోడ్డు మీద చితకబాదితే నిలబడి చూసేదాన్ని. కానీ ఆ గదిలో నాకు పీట వేసి, టీ పెట్టి ఇచ్చింది వాడి పెళ్ళాం. ఎవరికీ చెప్పనని మాటిచ్చాకే వాడు వేలిముద్ర వేశాడు.

"మీ సంతకమే ఉంది, చదువుకోండి" అని కాగితం మేనేజరు మొహాన విసిరాను. టేబుల్ మీదున్నవాడు రాడ్ ఎత్తాడు. "ఇంకో చెయ్యి కూడా ఉంది, కొట్టుకో" అని టేబుల్ మీద పెట్టాను. వాడు నవ్వి, దిగి, బయటికి పోయాడు. భయపడి పోయాడనుకున్నాను, పిచ్చిదాన్ని.

పక్కగదిలో జీతాల గుమాస్తా తన పాత జాబితా నాకు అప్పజెప్పకుండా సొరుగులో దాచుకున్నాడు. ఆ జీపువాళ్ళు అడగ్గానే తీసి ఇచ్చాడు. అందులో నూట పదిహేడుకి తండ్రి పేరే ఉంది, తాల్‌బగీచా ఇల్లే ఉంది.

పెద్దాయన గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తున్నాడట. జీపు ఆగింది. నూట పదిహేడు ఎవడు అని అడిగారు. లేచి నిలబడి, నేనే అన్నాడట. వీధిలోకి ఈడ్చి రెండు మోకాళ్ళూ రాడ్లతో చితక్కొట్టారు. కింద పడ్డాక చేతుల మీద కొట్టారు. ఎదురింటామె అడ్డుపడబోతే ఆమెనూ తన్నారు. కబురు తెలిసి మేము ఫౌండ్రీ నుంచి వెళ్ళేసరికి గుమ్మం ముందు మట్టంతా తడిగా ఎర్రగా ఉంది, సగం కాలిన చుట్ట పక్కనే పడి ఉంది.

నేను ఫౌండ్రీకి తిరిగి వెళ్ళాను. గుమాస్తా అన్నం డబ్బా విప్పుకుంటున్నాడు. "నాకేం తెలుసు, అడిగారు, ఇచ్చాను" అన్నాడు. కట్టుతో ఉన్న చేత్తోనే వాడి నోటి మీద కొట్టాను. కట్టూ పగిలింది, వాడి పన్నూ ఊడింది. నొప్పికి నేనూ కూలబడ్డాను. లేచి ఆ జాబితా వాడి కళ్ళ ముందే తగలబెట్టి, బూడిద వాడి టేబుల్ మీదే వదిలేసి వచ్చాను.

పెద్దాయన్ని చూడ్డానికి ఆసుపత్రికి రెండుసార్లు బయల్దేరి వెనక్కొచ్చాను. మూడోసారి వెళ్ళాను. రెండు కాళ్ళకీ కట్లు, మొహం వాచిపోయి ఒక కన్ను మూసుకుపోయింది. ఇంక నడవలేడని డాక్టరు ముందే చెప్పాడు. కొడుకు మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ముక్కు మీద నేను వేసిన గాయానికి పట్టీ ఉంది. నన్ను చూసి తల దించుకున్నాడు.

"వాళ్ళు ఎవరి కోసం వచ్చారో తెలీలేదా బాబాయ్?" అన్నాను.

"తెలీకేటమ్మా! రాడ్లట్టుకుని వొచ్చినోళ్ళు నాకు దండెయ్యడానికి వొస్తారేటి?"

"మరి నేనే అని ఎందుకన్నావు?"

"అబద్దమాడినానా? ఆళ్ళు నంబరడిగినారు. నంబరు నాదే."

కొడుకు బొంగురుగా ఏడ్చాడు. మెళ్ళో తాడు తెంపి బిళ్ళ నా ఒళ్ళో పడేశాడు. "ఒద్దు దీదీ, నాకొద్దు ఇది. ఆ కొత్త నంబరేటో సెప్పండి, అదే రాసుకోండి" అన్నాడు. చెప్పాను. ఎడమచేత్తో వంకరటింకరగా రాసి ఇచ్చాను.

పెద్దాయన బిళ్ళ వైపే చూస్తున్నాడు.

"మరి దాన్ని ఎవుడికిస్తావమ్మా?"

"ఎవరికీ ఇవ్వను బాబాయ్. ఇవ్వకూడదనే కదా ఇంత గొడవ. ఆ ఫౌండ్రీ ఉన్నంతకాలం నూట పదిహేడంటే నువ్వొక్కడివే. నీ తర్వాత కూడా ఇంకెవరూ కారు."

ఆయన తెరిచి ఉన్న ఆ ఒక్క కన్నుతో కొడుకు ముక్కు మీద పట్టీని చూశాడు. నా చేతి కట్టుని చూశాడు. దుప్పటి కింద కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"గోడకి అంటించిన కాగితంలో ఆ ముక్క రాయలేదేటమ్మా?" అన్నాడు.