మూడో గ్యాలరీలో నిన్నటి తారీఖు

గనిలోకి దిగిన రెండు గంటలకే మా బావ పైకి వచ్చేశాడు. నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లి, చేతికర్రను ఆయన బల్ల మీద అడ్డంగా పెట్టి, ‘కల్ సే మై నీచే నహీ జావూంగా, సాబ్’ అన్నాడు. రేపటి నుంచి కిందికి దిగనని. ఆ రోజు గనిలో ఎవరూ చావలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు, పైకప్పు నుంచి ఒక్క పెచ్చు రాలలేదు. దినపత్రికలో ముప్పై ఏళ్లు పనిచేసిన నా కొలతల ప్రకారం అది వార్త కాదు. మా ఇంటి మట్టుకు మాత్రం అంతకంటే పెద్ద సంగతి ఆ ఏడాదిలో మరొకటి జరగలేదు.

పోయిన వారం అక్క ఫోన్ చేసి, ‘తమ్మీ, మీ బావకు మెడికల్ బోర్డు నుంచి కాయితం వచ్చింది, ఇంగ్లీషుల ఉన్నది, జెర వచ్చి సదువు’ అన్నప్పుడు ఇదంతా మళ్లీ కదిలింది. మాది చంద్రపూర్. మా నాన్న తెలంగాణ నుంచి బొగ్గు పని కోసం వచ్చినవాడు. నేను చదివింది మరాఠీ బడిలో, పనిచేసింది మరాఠీ పత్రికలో. తెలుగు అక్షరాలు మా అమ్మ గోడ క్యాలెండరు చూపించి నేర్పింది. అందుకే నాకు చాలాకాలం ఏకాదశి, అమావాస్య తప్ప వేరే తెలుగు మాటలు చదవడం వచ్చేది కాదు. ఇంట్లో కాగితాలు చదివే ఉద్యోగం మాత్రం, ఏ భాషలో ఉన్నా, నాదే.

మా బావ మైనింగ్ సర్దార్. షిఫ్టు మనుషులు లోపలికి రాకముందే సర్దార్ ఒక్కడూ దీపంతో వెళ్లి, ప్రతి గ్యాలరీలోనూ, అంటే బొగ్గు తవ్వే ప్రతి సొరంగంలోనూ, పైకప్పును పరీక్షించాలి. ఎడమ అరచెయ్యి బండకు ఆనించి, కుడిచేత్తో కర్ర ఎత్తి కొడతాడు. గట్టి బండ ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయిన బండ తడిసిన డప్పులా బొంయ్‌మంటుంది, అరచేతికి అదురు తెలుస్తుంది. బాగుందనుకుంటే సుద్దముక్కతో అక్కడే ఆ రోజు తారీఖు వేసి, తన పొడి అక్షరాలు రాస్తాడు. ఆ రాత లేని చోటికి కూలీలు అడుగు పెట్టరు. రిజిస్టర్లో ఎన్ని రాసినా వాళ్లకు లెక్కలేదు, బండ మీది సుద్ద గీతే వాళ్ల ధైర్యం.

ఈ కొట్టి చూసే అలవాటు ఆయన్ను నేల మీద కూడా వదిలేది కాదు. గంజ్ బజారులో పుచ్చకాయలు కొనాలంటే చుట్టుపక్కల వాళ్లంతా తమ కాయలు కూడా ఆయన చేతికి ఇచ్చేవారు. నేను ఇల్లు కట్టుకున్నప్పుడు గృహప్రవేశానికి కర్ర పట్టుకుని మరీ వచ్చాడు. పురోహితుడు మంత్రాలు చదువుతుంటే ఈయన గది గదికీ తిరిగి స్లాబు కొట్టాడు. వంటింట్లో ఆగి, ‘బామ్మర్ది, గీడ బోలున్నది. నీ కాంట్రాక్టర్‌ను గీడనే పండుకొమ్మను’ అన్నాడు. కాంట్రాక్టరు భోజనం చేయకుండా వెళ్లిపోయాడు. మరుసటి వర్షాకాలం సరిగ్గా అక్కడే పెచ్చు ఊడింది.

కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవిలో బావ పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆక్సిజన్ పెట్టారు, తీశారు, ఇంటికి పంపారు. ఆ రోజుల్లో జిల్లా బులెటిన్ రాసే పని నాది. ఇన్ని కొత్త కేసులు, ఇంతమంది మృతులు, ఇంతమంది కోలుకున్నారు. బావ ఇంటికి వచ్చిన నాటి సాయంత్రం కోలుకున్నవారి అంకె కొడుతూ, అందులో ఒకటి మావాడు కదా అని లోలోపల పొంగిపోయాను. ఆ గడిలో చేరినవాళ్లు మర్నాటి నుంచి ఎలా ఉంటారో రాయడానికి పత్రికలో ఇంకో గడి లేదు. ఉండాలని నాకూ తోచలేదు.

ఒళ్లు నెమ్మదిగా కుదుటపడింది. తల కుదుటపడలేదు. ఉల్లిపాయ తాలింపు ఆయనకు కాలిన రబ్బరు వాసన వచ్చేది. అక్క కూరల్లో ఉల్లిపాయ మానేసింది. చక్కెర అనే మాట దొరక్క, ‘గది... చాయల ఏస్తం సూడు, తెల్లగ’ అని చేతులు తిప్పేవాడు. మొదట్లో అందరం నవ్వేవాళ్లం, ఆయనా నవ్వేవాడు. కన్నతండ్రి పోయిననాడు కూడా కళ్లు చెమ్మగిల్లనివాడు టీవీలో సబ్బు ప్రకటన చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చాడు. నాగ్‌పూర్‌లో పెద్ద డాక్టరు తలకు స్కానింగ్ తీయించి అంతా నార్మల్ అన్నాడు. కరోనా తర్వాత కొందరికి ఇలా ఉంటుంది, తగ్గుతుంది అన్నాడు. ఎప్పుడని అక్క అడిగితే, ‘చెప్పలేమమ్మా’ అన్నాడు. తిరుగు ప్రయాణంలో బావ కిటికీలోంచి చూస్తూ, ‘లోపల పొగ నిండినట్టున్నది, బామ్మర్ది. దీపం ఉన్నది, ఎలుగు కనబడది’ అన్నాడు.

తోటివాళ్లు ఊరుకోలేదు. ‘సర్దార్‌కు కొత్త బీమారి వచ్చింది, డ్యూటీ ఎగ్గొట్టే బీమారి’ అని లాల్‌పేట్ చాయ్ హోటల్లో వాళ్లు అనుకోవడం నా చెవులతో నేనే విన్నాను. అక్క ఇంకో ఆర్నెల్లు సెలవు పెట్టమంది. నేను కలగజేసుకుని, ‘ఇంట్ల కూసుంటే ఇంకింత పాడైతడక్కా. పనిల వడితె అదే సర్దుకుంటది’ అన్నాను. ఎంతోమంది డాక్టర్లను ఇంటర్వ్యూ చేసినవాణ్ణి కాబట్టి నా మాటకు విలువ ఉండేది. ఆ చలికాలం మొదట్లో బావ డ్యూటీలో చేరాడు.

మూడు వారాలు బాగానే గడిచాయి. ఆ రోజు జరిగింది నాకు చెప్పినవాడు గ్యాంగులో అందరికంటే పెద్దవాడు. రాజురా వైపు నుంచి వచ్చిన మనిషి, అందరూ కాకా అనే పిలుస్తారు. మొదటి షిఫ్టు మనుషులతో బావ వెంట మూడో గ్యాలరీ దాకా వెళ్లి, దీపం ఎత్తి చూసి కాకా ఆగిపోయాడు. బండ మీద బావ పొడి అక్షరాలున్నాయి, వాటి కింద నిన్నటి తారీఖు ఉంది.

‘సర్దార్, గిది నిన్నటిది గద?’

‘లేదు కాకా. పొద్దుగాల్నే చూసిన. కొట్టి చూసిన.’

‘చూసి, తారీఖు తప్పు రాసినవా? లేకుంటె రాలేదా?’

బావ తన దీపం కూడా ఎత్తి ఆ అంకెల దగ్గర పెట్టాడట. ముందురోజు కూడా డ్యూటీ ఆయనదే, ముందురోజు కూడా ఆ బండ మీద రాసింది ఆయనే. పాత రాతను తుడిచి కొత్తది రాయడం సర్దార్ల అలవాటు. తుడిచి మళ్లీ నిన్నటి తారీఖే వేశాడా, అసలు అటు రానే లేదా? రెండూ ఆయన కళ్ల ముందు ఒకేలా కనిపిస్తున్నాయట. అందరినీ వెనక్కి పంపి, అప్పుడు కొట్టి చూశాడు. బండ ఖంగుమంది. గట్టిగానే ఉంది.

కాకా దయగలవాడు. ‘గట్టిగున్నది గద, సర్దార్. ఆ అంకె దిద్దు, అయిపోతది. ఎవలకు తెల్వది’ అని సుద్దముక్క తీసి చేతిలో పెట్టాడు. బావ దిద్దలేదు. ‘నాకు తెల్వకుంట దిద్దుమంటె ఎట్ల, కాకా’ అని ఏటవాలు దారెంట పైకి నడవడం మొదలుపెట్టాడు. సగం దారిలో కూర్చుని ఏడ్చాడని కాకా నాకు చాలా రోజులకు గాని చెప్పలేదు.

ఆయన్ను పైన దీపాల గదిలో వేశారు. క్యాప్ ల్యాంపులు ఛార్జింగుకు పెట్టడం, షిఫ్టుకు వెళ్లేవాళ్లకు తీసి ఇవ్వడం పని. తారీఖు రాయాల్సిన ప్రతిసారీ పక్కవాణ్ణి అడిగి రాస్తాడు, ఇంటికొచ్చి అక్కనూ ఓసారి అడిగి సరిచూసుకుంటాడు. ఏళ్లు గడిచాయి. ఉల్లిపాయ ఇంట్లోకి తిరిగొచ్చింది. చక్కెర పేరు దొరికింది. ఏడుపు తగ్గింది. నవ్వు కూడా చాలావరకు తగ్గింది. మూడో గ్యాలరీలో బొగ్గు అయిపోయాక, రివాజు ప్రకారం ఇసుక నింపి మూసేశారు.

కాగితం చదివాను. మెడికల్ బోర్డు ఆయన్ను ‘ఫిట్’ అంది. సమ్మతి ఉంటే పాత పనిలో చేరవచ్చునట, కింద సంతకం చేసి పంపాలట. అక్క ముఖం ఒక్కసారిగా వెలిగింది, వెంటనే ఆమె నన్నూ బావనూ మార్చి మార్చి చూసింది. బావ కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు.

‘ఫిట్ అంటె ఏంది, బామ్మర్ది? నువ్వు పేపర్ల బాగైండ్రు అని రాసినట్టేనా?’

నేను నవ్వబోయి ఆగాను. ఆయన ఎత్తిపొడవడం లేదు, నిజంగానే అడుగుతున్నాడు.

‘వాళ్లు నన్ను తారీఖు అడిగిండ్రు. చెప్పిన. వంద నుంచి ఏడు ఏడు తీసెయ్యిమన్నరు. తీసేసిన. అన్ని చెప్పిన. బండ కింద నిలవడ్డప్పుడు నా మాట నేను నమ్ముతనా లేదా, గది వాళ్లు అడగలె.’ కాగితం నా వైపు జరిపి, ‘నువ్వు చెప్పు. దిగాల్నా?’ అన్నాడు.

‘వాడినెందుకు అడుగుతవు, నీ పానానికి ఏమనిపిస్తున్నదో చెప్పు’ అంది అక్క. ఆమె గొంతులో కోపం లేదు. ఒకసారి నా మాట విన్న సంగతి మాత్రం అందులో ఉంది. నేను కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయాను. ఎవరు ఎప్పుడు కోలుకున్నారో ఒక్క సాయంత్రంలో తేల్చి, పేజీ పంపి, ఇంటికి వెళ్లిన మనిషిని. ఇన్నేళ్ల తర్వాత ఒక్కడి గురించి, అదీ ఎదురుగా కూర్చున్నవాడి గురించి, ఒక్క మాట చెప్పలేకపోయాను.

సంతకానికి ఇచ్చిన గడువు ఈ నెలాఖరుతో ముగుస్తుంది. ఆయన రిటైర్మెంటుకు ఇంకా పదహారు నెలలుంది. నిన్న సాయంత్రం వెళ్లి చూశాను. కాగితం అలాగే ఉంది, ఆయన ఏమీ రాయలేదు.